ఎనిమిది కంజి: హచి, య, యత్త్సు, యో... ఎక్కడ ఏది పలకాలి?

చిబాలో_కాకినాడ
అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల జపాన్‌లో చిబాకి వచ్చి ఏడాదిన్నర అయింది. పాప ఏప్రిల్‌లో ఇక్కడి బడిలో ఒకటో తరగతిలో చేరింది. ఒకటో తరగతిలో వీళ్లు 80 కంజిలు, అంటే చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాలు, నేర్పుతారు. ఒకటి నుంచి పది వరకు అంకెలన్నీ అందులోనే ఉన్నాయి. పాపతో పాటు నేనూ కూర్చుని రాస్తున్నాను.

రాయడం కష్టం కాదు. ఎనిమిదికి రెండే గీతలు, పైన కలవకుండా ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. పలకడమే అర్థం కావడం లేదు. పుస్తకంలో హచి, య, యత్సు, యత్త్సు, యో అని ఐదు ఇచ్చారు. నెల పేరైతే హచిగత్సు. తేదీ అయితే యోక. ఎనిమిది వందలు హప్ప్యకు, అక్కడ హచి సగమే మిగిలింది.

పోయిన నెల పాప పళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు ఫోన్‌లో తీసుకున్నాను. అవతలి అమ్మాయి యోక అంది. నేను యొక్క అని విన్నాను. యొక్క అంటే నాలుగో తేదీ, యోక అంటే ఎనిమిదో తేదీ. నాలుగున పార్ట్‌టైం పనికి సెలవు పెట్టి, పాపని బడి నుంచి ముందే తీసుకుని వెళ్లాను. ఈ రోజు మీ పేరు లేదన్నారు. అప్పటి నుంచి ఫోన్‌లో తేదీ వినాలంటేనే టెన్షన్. దీనికి ఏదైనా పద్ధతి ఉందా, లేక అన్నీ బట్టీ పట్టాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒసాకా_పదేళ్లు
అక్కా, ముందుగా ఫోన్ సంగతి. తేదీ ఎప్పుడు విన్నా వారంతో కలిపి తిరిగి చెప్పండి. "యోక, కయోబి" అంటే ఎనిమిది, మంగళవారం అని. మీరు తప్పు విని ఉంటే వారం కుదరదు, అవతలివాళ్లే సరిదిద్దుతారు. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో నేర్చుకున్న అలవాటు ఇది, ఇప్పటికీ మానలేదు. జపాన్ వాళ్లు కూడా ఏడుని షిచి అనకుండా నన అంటారు చూడండి, ఒకటి అంటే ఇచి కాబట్టి ఫోన్‌లో కలిసిపోతాయని.

ఇంకో గుంట ఉంది, ఇప్పుడే చెప్తున్నా. హత్సుక అని వినపడితే ఎనిమిది అనుకోకండి. అది ఇరవయ్యో తేదీ. ఇరవై ఏళ్ల వయసుని హతచి అంటారు. ఆ రెండూ ఇరవైకి ఉన్న పాత జపనీస్ మాట నుంచి వచ్చినవి, హచితో ఏ చుట్టరికమూ లేదు. ఎనిమిదేళ్ల వయసు అయితే హస్సై.

ఓరుగల్లు_ఎన్5
నేను హైదరాబాద్‌లో ఉంటూ డిసెంబరులో ఎన్5 (జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు) రాయడానికి చదువుతున్నా. మా క్లాసులో సార్ ఒక పట్టిక రాయించారు, గోడకి అంటించుకుని రోజూ చదివాను, నాకు పనికొచ్చింది. ఎనిమిది వరస ఇది: హక్కొ (చిన్న వస్తువులు), హస్సత్సు (పుస్తకాలు), హప్పొన్ (సీసాలు, పెన్సిళ్ల లాంటి పొడుగువి), హప్పికి (చిన్న జంతువులు), హప్పై (గ్లాసుల లెక్క), హచిమై (కాగితాల లాంటి పలచనివి), హచినిన్ (మనుషులు), హచిజి (గంట), హప్పున్ (నిమిషాలు), హప్ప్యకు (800), హస్సెన్ (8,000), హచిమన్ (80,000). వీటన్నిటికీ రాసే కంజి ఒక్కటే.

ఎందుకు అలా అని అడిగితే మాత్రం సార్ "అంతే, బట్టీ పట్టండి" అన్నారు.

పాత_మాస్టారు
అమ్మా, బాబూ, ఇద్దరికీ ఆశీస్సులు. నేను గుంటూరులో ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైర్ అయ్యాను. అబ్బాయి నగోయాలో ఉంటాడు. మనవడితో వీడియో కాల్‌లో మాట్లాడటం కోసం రెండేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. ఈ ఐదు ఉచ్చారణల సంగతి తెలుగువాళ్లకి చెప్పడం సులువు. మనకీ సరిగ్గా ఇలాగే ఉంది కాబట్టి.

కాగితం మీద 8 అని రాయండి. "8 కాయలు" అంటే ఎనిమిది అని చదువుతాం. దిక్కుల ముందు ఉంటే అష్టదిక్కులు. తిథి అయితే అష్టమి. మనుషులైతే ఎనమండుగురు. పది రెట్లయితే ఎనభై. అంకె ఒకటే, నోట్లో ఐదు రకాలు. ఏ తెలుగు పిల్లాడూ వీటిని పట్టికగా చదవలేదు. మన ఇంటి మాట ఎనిమిది, సంస్కృతం నుంచి వచ్చిన మాట అష్ట. సంస్కృత పదాల పక్కన అష్ట కూర్చుంటుంది, తెలుగు పదాల పక్కన ఎనిమిది కూర్చుంటుంది. "అష్ట కాయలు" అని ఎవరూ అనరు, "ఎనిమిది అవధానం" అని ఎవరూ అనరు.

జపనీస్‌లోనూ రెండు కొట్లు ఉన్నాయి. హచి చైనా నుంచి అక్షరంతో పాటు వచ్చిన మాట. దాన్ని ఒన్ ఉచ్చారణ అంటారు. య, యత్త్సు వాళ్ల ఇంటి మాటలు, కున్ ఉచ్చారణ. గత్సు (నెల), హ్యకు (వంద), నిన్ (మనిషి) ఇవన్నీ చైనా సరుకే కాబట్టి పక్కన హచి వస్తుంది. క అనేది రోజుకి వాళ్ల సొంత మాట, కాబట్టి పక్కన య వస్తుంది. ఆగస్టు 8ని చూడండి: హచిగత్సు యోక. ఒకే తేదీలో అదే కంజి రెండుసార్లు వచ్చి, ఒకసారి అష్టలాగా, ఒకసారి ఎనిమిదిలాగా పలుకుతోంది.

చిబాలో_కాకినాడ
మాస్టారు గారూ, ఎనిమిది, అష్ట అనగానే పొద్దుటి నుంచి ఉన్న తలనొప్పి దిగింది. మరి య ఉండగా యోక ఎలా అయింది? యక అవ్వాలి కదా?

పాత_మాస్టారు
మంచి ప్రశ్న. ఒకప్పుడు అది "యఉక". పాత జపనీస్ స్పెల్లింగులో అలాగే రాసేవారు. అఉ కలిసి నోట్లో ఓ అయిపోయింది. అ, ఉ కలిస్తే ఓ అని గుణసంధిలో చదువుకున్నాం కదా, సూర్య ఉదయం సూర్యోదయం అయినట్టు. నాలుగుకి య కాదు, యొ. యొ, క కలిసి మధ్యలో ఒత్తు పడి యొక్క అయింది.

ఇంకొకటి. వాళ్ల ఇంటి అంకెల్లో ఒక అందం ఉంది. మూడు మిత్త్సు, దాని రెట్టింపు ఆరు ముత్త్సు. నాలుగు యొత్త్సు, దాని రెట్టింపు ఎనిమిది యత్త్సు. ఒకటి హితొ, రెండు ఫుత. హల్లు అలాగే ఉండి అచ్చు మారితే అంకె రెట్టింపు అవుతోంది. అందుకే నాలుగు, ఎనిమిది అంత దగ్గరగా వినపడతాయి. మీరు పొరబడిన చోటే ఈ అందం దాగి ఉంది.

పలికేటప్పుడు త్సుని చూసి భయపడకండి. చుక్క, చుట్టం అన్నప్పుడు మనం పలికే దంత్య చకారమే అది. హచిలో చి మాత్రం చిలకలో చి. జపనీస్‌లో ఇ ముందు తాలవ్యం, ఉ ముందు దంత్యం. తెలుగులోనూ అంతే. మన నోటికి ఇది అలవాటైన పనే.

ఓరుగల్లు_ఎన్5
మాస్టారూ, అయితే హచి హప్, హక్, హస్ ఎందుకు అవుతోందో కూడా చెప్పండి. పట్టికలో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది అదే. హొన్ అనేది హప్పొన్ ఎలా అయింది? ప ఎక్కడి నుంచి వచ్చింది?

బెంగళూరు_తెలుగు
ప గురించి నేను చెప్తాను. మేము చిత్తూరు వాళ్లం, రెండు తరాలుగా బెంగళూరులో ఉన్నాం, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. మనం పాలు అంటే వాళ్లు హాలు అంటారు. పులి హులి, పండు హణ్ణు, పువ్వు హూవు, పది హత్తు. పాత కన్నడంలో ఇవన్నీ ప తోనే ఉండేవి, తర్వాత హ అయ్యాయి. జపనీస్‌లోనూ అదే జరిగింది. ఇప్పటి హ వరస మొత్తం ఒకప్పుడు ప వరస. హొన్ అంటే పొన్, హ్యకు అంటే ప్యకు. హచి కూడా పతి లాంటి మాటే.

మాట మొదట్లో ప మెత్తబడి హ అయింది. ఒత్తు పడిన చోట మాత్రం పాత ప అలాగే నిలిచిపోయింది. కాబట్టి హప్పొన్‌లో ప కొత్తగా వచ్చింది కాదు. హొన్‌లోనే అది పోయింది.

నేను కంపెనీ జపనీస్ క్లాసులో ఉన్నప్పుడు ఈ హాలు, పాలు సంగతి తట్టింది. ఆ రోజు నుంచి హప్ప్యకుని మళ్లీ బట్టీ పట్టలేదు.

పాత_మాస్టారు
చాలా బాగా చెప్పావు నాయనా. మిగతాది నేను కలుపుతాను.

చైనా నుంచి వచ్చినప్పుడు ఈ మాట చివర త్ అనే పొల్లు ఉండేది. కాంటనీస్‌లో ఇప్పటికీ బాత్ అంటారు, వియత్నాం వాళ్లూ బాత్ అంటారు, కొరియాలో పల్. జపాన్ వాళ్లకి మాట చివర త్ పొల్లు పలకడం అలవాటు లేదు, చివర ఇ చేర్చుకుంటే అది చి అయింది. మనం బస్ అనే మాటని బస్సు చేసుకున్నట్టు. కానీ వెనుక గట్టి హల్లు వస్తే ఆ చేర్చిన ఇ అక్కర్లేదు. పొల్లు వెళ్లి వెనుక హల్లుతో కలిసి ఒత్తుగా మారుతుంది.

మన వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే, పరుషాలు (క, త, ప) గానీ స గానీ వెనుక వస్తే ద్విత్వం: హక్కొ, హత్తో (ఆవులు, గుర్రాల లాంటి పెద్ద పశువుల లెక్క), హప్పొన్, హస్సెన్. సరళాలు, అనునాసికాలు వస్తే మార్పు లేదు: హచిగత్సు, హచిజి, హచిదై, హచిబన్, హచిమై, హచినిన్. ఓరుగల్లు బాబూ, నీ పట్టికంతా ఈ రెండు ముక్కల్లోకి వచ్చేస్తుంది. నిమిషాలు, అంతస్తుల లాంటి కొన్నిటికి మాత్రం రెండు రూపాలూ వినపడతాయి, హప్పున్ అనీ హచిఫున్ అనీ, హక్కై అనీ హచికై అనీ.

ఓరుగల్లు_ఎన్5
గోడ మీద పట్టిక చూసుకున్నాను. ఒక్కటీ తప్పలేదు! అయినా మాస్టారూ, పరీక్షలో సూత్రం గుర్తుచేసుకునే టైం ఉండదు. వినే విభాగంలో రికార్డు ఒక్కసారే వేస్తారు. పట్టిక పాడుకున్నట్టు వచ్చేస్తేనే మార్కు వస్తుంది. నేను పట్టిక తీసెయ్యను.

ఒసాకా_పదేళ్లు
తీసెయ్యకు తమ్ముడూ, కానీ దాని మీదే ఆగిపోకు. నేను పట్టిక మొత్తం అప్పజెప్పగలిగి కూడా, కూరగాయల కొట్టు బోర్డు చదవలేకపోయాను. ఎనిమిది, వంద, కొట్టు అని మూడు కంజిలు. హప్ప్యకుయ అని చదివాను. అది యఒయ. ఒ అనేది వందకి ఎప్పుడో వాడుక తప్పిన వాళ్ల ఇంటి మాట. ఏ పట్టికలోనూ అది లేదు, ఇలాంటి మాటల్లో మాత్రం బతికి ఉంది. కంజిని విడిగా కాకుండా మాటగా నేర్చుకోవాలని నాకు ఆ కొట్టు దగ్గరే తెలిసింది.

ఇక్కడ ఎనిమిది వందలంటే సరిగ్గా 800 అని కాదు, బోలెడు అని. దేవుళ్లని యఒయొరొజు అంటారు, రాతలో అయితే ఎనభై లక్షలు. మన ముక్కోటి దేవతల్లాగే, ఎవరూ లెక్కపెట్టి చెప్పిన అంకె కాదు. పచ్చి అబద్ధాలకి ఉసొ హప్ప్యకు అని మాట, అబద్ధాలు ఎనిమిది వందలు. మనం పెళ్లి కోసం వెయ్యి ఆడొచ్చంటాం కదా. 712లో రాసిన కొజికి అనే పురాణ గ్రంథంలో కూడా జపాన్ దీవులని ఎనిమిది అనే లెక్క చెప్పారు, సుసనొఒ అనే దేవుడు చంపిన పాముకి ఎనిమిది తలలు, ఎనిమిది తోకలు. వాళ్లకి పాతకాలంలో పెద్ద లెక్క అంటే య.

మొదటి_బెంచి
చదువుతూ ఉంటే ఆగలేక రాస్తున్నాను. జపాన్‌కి బౌద్ధం మన దేశం నుంచి వెళ్లింది కదా, హచి కూడా అష్ట నుంచే వచ్చి ఉండొచ్చు కదా? అష్ట, అట్ఠ, హచి, దగ్గరగానే ఉన్నాయి. చైనా వాళ్లకి ఎనిమిది అదృష్టం, బీజింగ్ ఒలింపిక్స్ కూడా 2008లో ఎనిమిదో నెల ఎనిమిదిన రాత్రి ఎనిమిదికే మొదలుపెట్టారు. జపాన్‌లోనూ అదే నమ్మకం అనుకుంటా.

పాత_మాస్టారు
ఆలోచన మంచిదే కానీ హచి అష్ట నుంచి రాలేదు. పైన చెప్పిన బాత్, పల్ అన్నీ దాని తోబుట్టువులు, అవి చైనా భాషవి. బౌద్ధం అక్కడికి వెళ్లకముందే చైనాలో ఎనిమిదికి ఆ మాట ఉంది. వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు.

ఒసాకా_పదేళ్లు
అదృష్టం సంగతి కూడా వేరే. కాంటనీస్‌లో ఎనిమిదికి ఉన్న శబ్దం సంపద పెరగడం అనే మాటకి దగ్గరగా ఉంటుంది, అక్కడ ఇష్టం శబ్దం వల్ల. జపాన్‌లో ఇష్టం ఆకారం వల్ల. రెండు గీతలూ పైన ఇరుకుగా మొదలై కిందికి వచ్చేసరికి వెడల్పవుతాయి. దాన్ని సుఎహిరొగరి అంటారు, పోను పోను విస్తరించడం. తెరిచిన విసనకర్ర, ఫుజి కొండ, అన్నీ ఆ ఆకారమే. పెళ్లి కానుకకి ఇక్కడ సరి సంఖ్య పెట్టరు, జంట విడిపోతుందని. ఎనభై వేల యెన్‌లు మాత్రం పెట్టొచ్చు. మా టీం లీడర్ పెళ్లికి ఎంత పెట్టాలో తెలియక అడిగితే మా సీనియర్ ఒకాయన గాల్లో వేలితో ఎనిమిది రాసి చూపించారు.

నాలుగుకి ఆ భాగ్యం లేదు. నాలుగుని షి అని కూడా అంటారు, షి అంటే చావు అనే మాట కూడా కాబట్టి ఆసుపత్రుల్లో, హోటళ్లలో కొన్నిచోట్ల నాలుగో నంబరు గది ఉండదు.

బెంగళూరు_తెలుగు
ఆకారం గురించి ఒకటి చెప్పాలి. ఆ అక్షరం మొదట అంకె కోసం పుట్టింది కాదు. రెండు వస్తువులు వేరుపడి అటూ ఇటూ తిరిగి ఉండటాన్ని గీశారు, విడదీయడం అని అర్థం. శబ్దం ఒకటే కాబట్టి ఎనిమిదికి అరువు తీసుకున్నారు. పాత అర్థం వేరే కంజిలో దొరుకుతుంది. నిమిషానికి వాడే ఫున్ కంజి చూడండి: పైన ఎనిమిది, కింద కత్తి. కత్తితో విడదీస్తే భాగం. గంటలో భాగం నిమిషం. అర్థమవడం అనే వకరు క్రియకీ అదే కంజి. మనం కూడా అర్థం కాకపోతే "కాస్త విడమర్చి చెప్పు" అంటాం.

హప్పున్ రాసేటప్పుడు రెండు కంజిల్లోనూ ఎనిమిది ఉంటుంది, ఒకదాంట్లో అంకెగా, ఇంకోదాంట్లో విడదీయడంగా. నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట అది.

రాయడం నేర్చుకునేవాళ్లకి: మనిషి కంజిలో రెండు గీతలూ పైన కలుస్తాయి. లోపలికి వెళ్లడం అనే కంజిలో కుడి గీత ఎడమ దాని మీదికి వంగుతుంది. ఎనిమిదిలో తాకనే తాకవు. కతకన అనే జపనీస్ లిపిలో హ అక్షరం ఈ ఎనిమిది నుంచే తీసుకున్నారు, అందుకే చూడటానికి అలాగే ఉంటుంది. హచిలో మొదటి అక్షరం హ అని గుర్తు.

చిబాలో_కాకినాడ
మా పాపకి హచికొ విగ్రహం అంటే ప్రాణం. పోయిన ఆదివారం టోక్యోలో షిబుయ వెళ్లినప్పుడు దాని దగ్గరే అరగంట నిలబడింది. యజమాని 1925లో చనిపోయాక కూడా ఏళ్ల తరబడి స్టేషన్‌కి వచ్చి ఎదురుచూసి 1935 మార్చి 8న చనిపోయిన కుక్క. ఆ పేరులో హచి కూడా ఈ ఎనిమిదేనా?

బెంగళూరు_తెలుగు
ఈ ఎనిమిదే. కొ అనేది పేరు చివర చేర్చిన మాట. ఆ కొ కంజి పై భాగంలో కూడా ఎనిమిదే ఉంటుంది, పాపని వెతకమనండి. విగ్రహం మీద హచిని కతకనలో రాశారు కాబట్టి అక్కడ మొదటి అక్షరమూ ఎనిమిది నుంచి వచ్చిన హ నే.

చిబాలో_కాకినాడ
వెతికింది! పెన్సిల్‌తో దాని చుట్టూ సున్నా చుట్టింది కూడా.

ఈ రోజు వంట చేస్తూ నాకు ఒకటి తట్టింది. నాలుగో తేదీ యొక్క. మన తెలుగులో "వారి యొక్క" అంటామే, అచ్చంగా ఆ మాటే, శబ్దం కూడా అదే. ఒత్తుతో సహా. యొక్క అని తెలుగు మాట వినపడితే నాలుగు. ఇంక మర్చిపోను. ఎనిమిదికి కూడా ఇలాంటిది ఎవరికైనా తడితే చెప్పండి.

పాత_మాస్టారు
యోక దగ్గర యోగ అనుకో తల్లీ. అష్టాంగ యోగం. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి, మొత్తం ఎనిమిది. ఓ దీర్ఘం కూడా యోగలో ఉన్నట్టే ఉంటుంది. శబ్దం పోలిక మాత్రమే సుమా, ఆ మాటలకి సంబంధం లేదు. గుర్తుకి పనికొస్తే చాలు.

ఓరుగల్లు_ఎన్5
యొక్క, యోగ రెండూ పట్టిక కింద ఎర్ర పెన్‌తో రాసుకున్నాను. పాత ప్రశ్నపత్రాల్లో తేదీల ప్రశ్నలు మళ్లీ విన్నాను, ఈసారి ఎక్కడా నాలుగుకీ ఎనిమిదికీ తికమక పడలేదు. ఏడు మీద కూడా ఇలాంటి చర్చ పెట్టండి, షిచి, నన, ననొక నాకు ఇంకా కలిసిపోతున్నాయి.

ఒసాకా_పదేళ్లు
ఏడుకి వేరే చర్చ తెరువు తమ్ముడూ, అందరం వస్తాం. ఈలోపు అంకెలతో మాటలు కట్టే అలవాటు చూడు, బాగా గుర్తుంటాయి. ఎనిమిదిని హ అనీ య అనీ బ అనీ చదువుకుని వీళ్లు రోజులకి పేర్లు పెడతారు. ఆగస్టు 31 యసై రోజు, అంటే కూరగాయల రోజు: 8 య, 3 స, 1 ఇ. ఆగస్టు 19 హైకు రోజు: 8 హ, 1 ఇ, 9 కు. ఆగస్టు 7 హన, పువ్వుల రోజు.

చిబాలో_కాకినాడ
ఈ రోజు పళ్ల డాక్టరు దగ్గర తర్వాతి అపాయింట్‌మెంటుకి ఫోన్ చేశాను. అమ్మాయి హత్సుక అంది. పోయిన నెల అయితే ఎనిమిది అని రాసుకునేదాన్ని. "హత్సుక, నిజూ నిచి దెసు నె?" అని ఇరవైని రెండు విధాలుగా అడిగి, వారం కూడా కలిపి చెప్పాను. అవును అంది. క్యాలెండరులో ఇరవై మీద పాప చేతే పన్ను బొమ్మ గీయించాను.

ఆ పిల్ల దాని కింద ఎనిమిది ఎందుకు రాశావే అంటే, అక్కడికి ఇంటి నుంచి నడిచి హప్పున్ పడుతుంది కదా అమ్మా అంది.